రెండు మిల్లీమీటర్ల బద్ద

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరు గనక ఏ వంతెన గురించో, ఏ ఫ్యాక్టరీ గురించో చెబుతాడని నిర్వాహకులు అనుకుని ఉంటారు. నేను తెచ్చింది ఈ చెక్క బద్ద. మందం 2 మిల్లీమీటర్లు, వెడల్పు 40, పొడవు ముప్పావు మీటరు. కొన్నేళ్లుగా ఆదివారాలు ఇంటి వెనక షెడ్డులో ఇలాంటి బద్దలు తీసి, ఒకదాని మీద ఒకటి అతికించి విల్లులు చేస్తున్నాను. ఈ పనిలో కావలసిన సైన్సంతా ఈ బడిలో నాకు చెప్పినదే. అందుకే ఇక్కడ ఆ పని గురించే మాట్లాడాలనిపించింది.

నల్లమల చెంచులు వెదురుతో విల్లు చేసుకున్నారు. వెదురు చర్మం వైపు నార దట్టంగా ఉంటుంది, సాగదీసినా తెగదు. జపాన్ వాళ్లు వెదురును, చెక్కను పొరలుగా అతికించారు. మధ్య ఆసియా గుర్రపు రౌతులు చెక్కకు ఒక వైపు కొమ్ము, మరో వైపు జంతువుల నరాలు అతికించారు. పొరలు ఎందుకు? ఒకే మందపాటి చెక్క తీసుకుని వంచితే ఏమవుతుంది?

లెక్క చూద్దాం. 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో 10 మిల్లీమీటర్ల చెక్కను వంచితే పైతలం 1.67 శాతం సాగాలి. ఆరిన చెక్క చాలావరకు ఒక శాతం దగ్గరే విరుగుతుంది. అదే వంపులో 2 మిల్లీమీటర్ల బద్ద సాగేది 0.33 శాతం. హాయిగా వంగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. వంగకుండా నిలిచే బలం మందానికి ఘనంగా పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల బద్దలు ఐదు ఊరికే పేర్చితే ఒక్కోదానికి రెండు ఘనం ఎనిమిది, ఐదింటికి నలభై. ఆ ఐదూ అతుక్కుని 10 మిల్లీమీటర్ల ఒకే ముక్క అయితే పది ఘనం వెయ్యి. అంటే పాతిక రెట్లు! విడిగా ఉన్నప్పుడు బద్దలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. జిగురు ఆ జారుడును ఆపుతుంది. మెత్తగా ఉన్నప్పుడు అచ్చులో వంచి, జిగురు ఆరాక ఆ వంపును శాశ్వతం చేస్తాం. పొరల విల్లు కిటుకంతా ఇంతే.

అయితే ఆ ఘనమే మన మీదికి కూడా వస్తుంది. ఒక్కో బద్దలో 0.1 మిల్లీమీటరు తేడా వచ్చిందనుకోండి. మామూలు ఎ4 కాగితం మందం అంత. ఐదు బద్దలకు అర మిల్లీమీటరు. 10 కాస్తా 10.5 అయింది. బలం సుమారు 16 శాతం పెరుగుతుంది. 40 పౌండ్లకు లాగాలనుకున్న విల్లు 46 పౌండ్లు అడుగుతుంది. ఆ తేడా పిడికి పైనున్న రెక్కలో మాత్రమే వస్తే ఇంకా ప్రమాదం. పై రెక్క వంగదు, కింది రెక్క ఎక్కువ వంగి అలసిపోతుంది. విరిగితే విరిగేది లాగేవాడి చేతిలోనే. అందుకే కాగితమంత తేడాను కూడా వదలకూడదు.

ఇక పని. ముందు కోత. చార నిటారుగా, ముడి లేకుండా ఉన్న చెక్క కావాలి. 50 మిల్లీమీటర్ల పలకను 3 మిల్లీమీటర్ల బద్దలుగా కోయాలి. గుండ్రటి రంపం ఒక్కో కోతకు సుమారు 3 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది, ఎనిమిది బద్దలు వస్తాయి. బ్యాండ్ సా తినేది దాదాపు 1 మిల్లీమీటరే, పన్నెండు వస్తాయి. నాకు ఈ కోత కోసి పెట్టేది నాతో పదో తరగతి చదివినవాడే. వడ్రంగి కుటుంబం, ఇప్పుడు కోత మిల్లు నడుపుతున్నాడు. ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు.

తర్వాత మందం దించడం. చిత్రిక మిషన్‌లో ఇంత పలచటి బద్ద పెడితే కత్తి దాన్ని ఎగరేసి ముక్కలు చేస్తుంది. శాండ్ పేపర్ చుట్టిన డ్రమ్ము అయితే మెల్లగా, సమంగా తింటుంది. ఈ మిషన్ కొనక్కర్లేదు. ప్లైవుడ్ బిళ్లలు ఇరుసుకు బిగించి 100 మిల్లీమీటర్ల డ్రమ్ము, అర హార్స్ పవర్ మోటారు, కింద ఒక చివర బందులు బిగించిన బల్ల, రెండో చివర దాన్ని పైకెత్తే స్క్రూ.

ఆ స్క్రూ దగ్గర కాసేపు ఆగుదాం. ఎం6 స్క్రూ ఒక చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు లేస్తుంది. డ్రమ్ము బందులకూ స్క్రూకూ సరిగ్గా మధ్యలో ఉంటే, డ్రమ్ము కింద బల్ల లేచేది అందులో సగం. స్క్రూ తల చుట్టూ పది గీతలు గీస్తే ఒక్కో గీత 0.05 మిల్లీమీటరు. పిల్లలూ, దీన్ని ఎక్కడో చూసినట్టు ఉందా? మీ ల్యాబ్‌లో ఉన్న స్క్రూగేజిది ఇదే సూత్రం. ‘కనీసపు కొలత’ అని మా చేత నూరుసార్లు చెప్పించారు మాస్టారు.

డ్రమ్ము బల్లకు సమాంతరంగా ఉండాలి. దానికి తేలిక ఉపాయం ఉంది. డ్రమ్ముకు కాగితం చుట్టక ముందే, బల్ల మీద శాండ్ పేపర్ అంటించి, తిరుగుతున్న డ్రమ్ముకు బల్లను మెల్లగా తాకించాలి. బల్లే డ్రమ్మును తనకు సమానంగా చెక్కుకుంటుంది.

బద్దను డ్రమ్ము తిరిగే దిశకు ఎదురుగానే తోయాలి. అటు తిప్పి పెడితే మిషన్ లాక్కుపోతుంది. ఒక్కసారికి 0.1 మిల్లీమీటరు చాలు. మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ గుంట పడుతుంది. ముక్కుకు మాస్కు తప్పనిసరి, చెక్క పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

విల్లు చివరలకు పోను పోను పలచబడాలి. వాలు 500కి 1 పెడితే ముప్పావు మీటరు బద్ద ఒక చివర 3 మిల్లీమీటర్లు, రెండో చివర 1.5 ఉంటుంది. ఇంత సన్నని వాలు చేత్తో చెక్కలేం. తిన్నటి ప్లైవుడ్ పట్టీ మీద ఇంకో పట్టీ పెట్టి, ఒక చివర మధ్యలో 15 ఎ4 కాగితాలు, సగం దూరంలో ఏడో ఎనిమిదో పెట్టి అతికిస్తే వాలు తయారు. బద్దను దాని మీద అంటించి డ్రమ్ము కిందికి పంపితే, ఎత్తున ఉన్న చివర ఎక్కువ అరుగుతుంది.

చివరికి జిగురు. ఎపాక్సీ వాడతాను. బద్ద గరుకుగా ఉంటేనే పట్టు, నున్నగా చేయకూడదు. టేకులో నూనె ఉంటుంది గనక అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. అచ్చు మీద పేర్చి, పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి బిగించి చుడితే ఒత్తిడి అంతటా సమంగా పడుతుంది. మరీ బిగిస్తే జిగురంతా కారిపోయి పొరల మధ్య ఏమీ మిగలదు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడం మేలు, పలచటి చెక్క తేమను ఇట్టే పీల్చుకుంటుంది.

విజయవాడ నుంచి జ్యోతి సురేఖ, ధీరజ్ దేశం తరఫున బాణం వేశారు. వాళ్లు వాడే విల్లులు లక్షల్లో ఉంటాయి. కానీ మన దేశంలో ‘ఇండియన్ రౌండ్’ అని ఒక పోటీ ఉంది. వెదురు, చెక్క విల్లులతో 30, 50 మీటర్ల దూరాలకు వేస్తారు. పేదింటి పిల్లలు చాలామంది అక్కడే మొదలుపెడతారు. వాళ్ల చేతికి వెళ్లే విల్లు రెండు రెక్కలూ సమంగా వంగాలి. నా ఆదివారాలు దానికోసమే.

నా మిత్రుడి సంగతి ఇంకొక్కటి చెప్పాలి. బద్దను రెండు వేళ్ల మధ్య జార్చి, ‘ఒరేయ్, ఇక్కడ లావుందిరా’ అంటాడు. స్క్రూగేజి పెట్టి చూస్తే కాగితమంత తేడా ఉంటుంది! పదో తరగతిలో వాడికి లెక్కల్లో అత్తెసరు మార్కులు. ఆ వేళ్లకు మార్కులు వేసే పరీక్ష మనకు లేదు. వాళ్లబ్బాయి మిల్లు వైపు రాడు. వాణ్ణి తప్పు పట్టలేను, ఆ పనికి మనం ఇచ్చిన గౌరవం వాడు చూశాడు.

మన సంఘం ఈ ఏడాది బడికి ఏమివ్వాలా అని ఆలోచిస్తోంది. డిజిటల్ తరగతి గది అంటున్నారు, మంచిదే. దానితో పాటు ఒక పనిబల్ల, నాలుగు రంపాలు, నాలుగు చిత్రికలు, రెండు స్క్రూగేజిలు ఇద్దామని నా మనవి. ఒకప్పటి క్రాఫ్టు గది ఇప్పుడు సామాన్ల గది అయింది, దాన్ని ఖాళీ చేస్తే చాలు. మిషన్ల పని పెద్దవాళ్ల చేతనే చేయించాలి, పిల్లలు కొలవడంతో మొదలుపెడతారు. నెలకు రెండు శనివారాలు నేను వస్తాను. మా వాడు కూడా వస్తానన్నాడు, ఈసారి మాస్టారుగా.

ఈ రెండు కట్టలు ఫిజిక్స్ ల్యాబ్‌కు ఇచ్చి వెళ్తున్నాను. ఒకదానిలో ఐదు బద్దలు విడిగా ఉన్నాయి, రెండోదానిలో అతుక్కుని ఉన్నాయి. పిల్లలూ, రెండు స్టూళ్ల మధ్య పెట్టి, నడుమ బరువు వేలాడదీసి ఎంత వంగిందో కొలవండి. సరిగ్గా పాతిక రెట్లు రాదు. ఎందుకు రాలేదో కాగితం మీద రాసి ఉంచండి, మొదటి శనివారం దాని దగ్గరే మొదలుపెడదాం.