వాకిటి వెలుగులో ముఖచిత్రము



ఛాయాచిత్రకారుడు విహారమునకు బయలుదేరినపుడు కెమేరాకన్న ముందు కన్నులను సిద్ధము చేసికొనవలయును. మొన్న నొక ఉదయము పోచంపల్లి వీధులలో తిరుగుచు, ఒక పెంకుటింట గుంటమగ్గము నొద్ద కూర్చుండి, పడుగులో తెగిన పోగును వ్రేళ్ళ కొసలతో అతుకుచున్న వృద్ధుని చూచితిని. “తాతా, ఒక ఫోటో తీసుకోవచ్చా?” అని అడిగితిని. “తీస్కో బిడ్డా, నా పని మాత్రం ఆగదు” అనెను.

ఆ గదికి వెలుగు వాకిటినుండి మాత్రమే వచ్చుచుండెను. నడినెత్తి ఎండలో కంటిగుంటలు నల్లబడును, నుదురు తెల్లబోవును. కాని గడపకు లోపల, ఎండ సోకని నీడపట్టున, ఆకాశపు మెత్తని కాంతి ప్రక్కనుండి ప్రసరించి, చెక్కిటి ముడుతలను, నెరసిన కనుబొమలను ఒక్కొక్కటిగా చూపును. కావున ముఖచిత్రము తీయదలచినవారు వాకిటి కాంతిని వెదకుడు. మరల చెప్పుచున్నాను: ఎండను కాదు, వాకిటి కాంతిని. ఫ్లాష్ వెలిగింపకుడు. కంటిపాపలో చిన్న తెల్లని మెరుపు కనబడెనా, చూపునకు జీవము వచ్చినదన్నమాటే.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడు, 1844లో జన్మించిన రాజా దీన్‌దయాళు కాలమున స్టూడియోలు ఎక్కువగా పగటివెలుగునే నమ్ముకొని యుండెడివి. ఆయన తీసిన ముఖచిత్రములను దొరికినచోట తప్పక చూడుడు.

ఇక నొక మాట. చిత్రము తీయించుకొన్నవారికి దాని ప్రతిపై హక్కు కలదని నా దృఢవిశ్వాసము. తాత చిత్రమును అచ్చువేయించితిని. వచ్చే వారము పోచంపల్లికి తీసికొనిపోవుచున్నాను.