యాభైల్లో తగ్గి, అరవైల్లో పెరిగిన ఆడవాళ్ళు



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతున్నదో ఆ మాస్టారి చదువులు, పదవులు, పుస్తకాల పట్టిక మీ చేతిలోని ఆహ్వానపత్రంలో ఉంది. అధ్యక్షులవారు ఇందాక దాన్ని చదివి వినిపించారు కూడా. నేను మళ్ళీ చదవను. నాకు తెలిసిన మాస్టారు పోస్టుకార్డు మనిషి. ఆ కార్డుల మీద కుశల ప్రశ్నలుండేవి కావు. ఒక అంకె, దాని పక్కన ప్రశ్నార్థకం, కింద పొడి సంతకం, అంతే. ఆ అంకె ఏ పట్టికలోదో వెతికి, అందులో లోపమేమిటో రాసి పంపితే జవాబుగా ఇంకో అంకె వచ్చేది. మెచ్చుకోలు ఎన్నడూ రాలేదు. డాక్టర్లు వద్దన్నా కాఫీలో మూడు చెంచాల చక్కెర వేసుకునేవారు. అంకెల విషయంలో ఎవరికీ లొంగని మనిషి అక్కడ మాత్రం నాలుకకు లొంగారు. ఈ ఉపన్యాసానికి నన్ను పిలుస్తామంటే ఆయన ఒప్పుకుని ఉండేవారు కాదు. అయినా వచ్చాను. ఆయనతోనూ, ఆయన శిష్యుల్లో సగం మందితోనూ నాకు తీరని తగువొకటి ఉంది. దాన్ని చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

తెలుగునాట జనాభా ముదురుతోందన్న సంగతి మీకు కొత్త కాదు కాబట్టి ఆ భాగం త్వరగా దాటేస్తాను. 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో అరవై నిండినవారు నూటికి 9.8 మంది. దేశం సగటు 8.6, కేరళలో 12.6. మనుషులు ఎక్కువకాలం బతకడం దీనికి ఒక కారణమే కానీ, పెద్ద కారణం పిల్లలు తగ్గడం. జనాభా ముదరడంలో మరణాల తగ్గుదల కంటే జననాల తగ్గుదలదే పైచేయి అని జనాభా శాస్త్రవేత్త ఆన్‌స్లీ కోల్ 1950లలోనే తేల్చాడు. మన సంతాన రేటు 1992-93లో 2.6 దగ్గర ఉండేది, 2019-21 నాటికి 1.7కు దిగింది. ఆ తగ్గుదల బరువంతా పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్ బల్ల ఎక్కిన ఆడవాళ్ళు మోశారు, మగవాళ్ళ వాటా లెక్కలోకి రానంత చిన్నది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీకి పోటీ చేయకూడదని 1994లో చట్టం చేసిన మనమే, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధన ఎత్తేసి, కనండి కనండి అంటున్నాం. మన అవసరాన్ని బట్టి గర్భాలు తెరుచుకుంటాయనుకోవడం పాలకులకు ముప్పై ఏళ్ళుగా వదలని జబ్బు. దాని మీద ఇంకో సభ పెట్టుకుందాం.

ఇక తగువులోకి వస్తాను.

వృద్ధుల్లో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు ఎక్కువన్నది మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట. ఆడవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారు కనక ఇది సహజమంటారు. ఆయుర్దాయం సంగతి నిజమే, నేను కాదనను. కానీ మన పట్టికల్లో కనిపించే ఆధిక్యం మొత్తం ఆయుర్దాయం వల్ల వచ్చింది కాదు, అందులో గణనీయమైన భాగం కలం వల్ల వచ్చిందని ఏళ్ళ తరబడి చెబుతున్నాను.

2011 జనగణనలో దేశమంతటి అంకెలు చూడండి. 50 నుంచి 54 ఏళ్ళ మగవాళ్ళు 2.58 కోట్లు, ఆడవాళ్ళు 2.32 కోట్లు. అంటే వెయ్యి మంది మగవాళ్ళకు సుమారు 900 మంది ఆడవాళ్ళు. దాని పై మెట్టు, 55 నుంచి 59: మగవాళ్ళు 1.95 కోట్లు, ఆడవాళ్ళు 1.97 కోట్లు. ఇక్కడ వెయ్యికి 1012. ఒక్క మెట్టు ఎక్కేసరికి నూటికి పైగా పెరిగిందన్నమాట. నేను దేశం అంకెలే చెబుతున్నది కావాలనే. శ్రీకాకుళం, నిజామాబాద్ అంటే చాలు, మగవాళ్ళు వలస పోయారండీ అని తేల్చేస్తారు. 2011లో అన్ని వయసులూ కలిపి శ్రీకాకుళంలో వెయ్యికి 1015, నిజామాబాద్‌లో 1040 అన్నదానికి వలస ఒక జవాబే. దేశం మొత్తం మీద ఆ జవాబు చెల్లదు.

అది ఆ తరం ప్రత్యేకత అని మాస్టారే నాతో వాదించారు. ఆ ఏళ్ళలో పుట్టినవారిలో ఏదో జరిగి ఉంటుందన్నారు. సరే, 2001 పట్టిక తీయండి. 50-54లో వెయ్యికి సుమారు 843, 55-59లో 1036. పదేళ్ళ కిందటి వేరే తరం, అదే మెట్టు దగ్గర అదే గెంతు. తరం ప్రత్యేకత అయితే తరంతోపాటు అదీ పదేళ్ళు పైకి జరగాలి కదా? జరగలేదు. పదేళ్ళయినా అదే వయసు దగ్గర పాతుకుపోయింది.

ఇంకా ముందుకు వెళదాం. 2001లో 50-54 ఏళ్ళ ఆడవాళ్ళు సుమారు 1.67 కోట్లు. పదేళ్ళు గడిచాక, అంటే 2011లో, వాళ్ళు 60-64లో ఉండాలి. మధ్యలో కొందరు పోయి ఉంటారు కనక 1.67 కోట్లకు తక్కువే ఉండాలి. ఉన్నది 1.9 కోట్లు. అదే వయసు మగవాళ్ళు 1.99 కోట్ల నుంచి 1.87 కోట్లకు తగ్గారు, అది లోకం తీరు. ఆడవాళ్ళు మాత్రం పదేళ్ళలో ఇరవై లక్షలకు పైగా పెరిగారు. యాభై ఏళ్ళ వయసులో పుట్టే మనుషులు ఎక్కడైనా ఉన్నారా? ఈ ప్రశ్నకు ఇంతవరకు నాకు సూటిగా జవాబు చెప్పినవారు లేరు.

పింఛను ఆశ వల్ల వయసు ఎక్కువ చెబుతారని ఇంకో వాదం. ఇది పేదవాళ్ళను తిట్టడానికి పనికొస్తుంది కానీ లెక్కకు పనికిరాదు. కేంద్రం వృద్ధాప్య పింఛను 1995 ఆగస్టులో మొదలైనప్పుడు ఇచ్చింది 75 రూపాయలు, వయసు హద్దు 65. 2001 లెక్కల నాటికి ఆ హద్దే ఉంది. పింఛనే కారణమైతే గెంతు 65 దగ్గర రావాలి, 55 దగ్గర ఎందుకొచ్చింది? పైగా పింఛను ఆశ మగవాళ్ళకు లేదా? పింఛన్లు పుట్టకముందే, 1926లోనే, మన జనగణన వయసులను సరిదిద్దడానికి మీకిల్ అనే ఆయన ఒక నివేదిక రాయవలసి వచ్చింది. ఈ జబ్బు పింఛనుకంటే పాతది.

మూడో వాదం చదువుకున్నవాళ్ళది. స్మూతింగ్ చేశాక ఇవన్నీ సర్దుకుంటాయంటారు. సున్నా, అయిదు అంకెల దగ్గర జనం పోగుపడడాన్ని విపుల్ సూచిక పట్టుకుంటుంది, స్మూతింగ్ ఆ పోగును అటూఇటూ సర్దుతుంది. కానీ ఇక్కడ జరిగింది పోగుపడడం కాదు, పైకి నెట్టడం. అదీ ఒక్క ఆడవాళ్ళనే ఎక్కువగా నెట్టడం. పి.ఎన్. మారి భట్ 1990లో డెమోగ్రఫీ పత్రికలో రాసిన వ్యాసం చదవండి. నిజమైన వయసులో ఉన్న మనిషి ఏ ఏ వయసుల్లో నమోదయ్యే అవకాశం ఎంతో అంచనా వేసే పద్ధతి అందులో ఉంది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేర్వేరుగా ఆ పని చేయకుండా స్మూతింగ్ చేయడమంటే గోడ బీటకు సున్నం పూయడమే.

ఎందుకు ఆడవాళ్ళనే నెడతారు? 1961లో ఆంధ్రప్రదేశ్‌లో చదవగలిగిన ఆడవాళ్ళు నూటికి పన్నెండుమంది అటూఇటూ. ఆ తరం మగవాళ్ళలో కొందరికైనా బడి రిజిస్టరు, పట్టా, సర్వీసు పుస్తకం, ఏదో ఒక కాగితం ఉంది. ఆడమనిషికి ఏమీ లేదు. ఎన్యూమరేటరు గుమ్మంలో నిలబడితే ఆమె వయసు చెప్పేది భర్తో, కొడుకో. పదిహేనేళ్ళకు పెళ్ళయిన పిల్లకు నలభై దాటకుండానే మనవలు వస్తారు. మనవలను ఎత్తుకున్న మనిషిని ఇంట్లోవాళ్ళు పెద్దవాళ్ళ లెక్కలో వేస్తారు. "అమ్మకా? ఉంటాయండీ ఒక అరవై." షష్టిపూర్తి చేసేది మగవాడి వయసుకు. పక్కన పీటల మీద కూర్చున్న ఇల్లాలికి ఎన్నేళ్ళో ఆ పందిట్లో ఎవరూ అడగరు. భర్త పోయిన ఇంట్లో ఈ నెట్టుడు ఇంకా ఎక్కువని నా అనుమానం. వృద్ధుల మీద దేశమంతటా చేసిన లాసీ సర్వేలో, 2017-18లో, అరవై దాటిన ఆడవాళ్ళలో సగానికి పైగా వితంతువులు. మగవాళ్ళలో భార్య పోయినవారు ఆరుగురిలో ఒకరు. భార్యలకన్నా భర్తలు పెద్దవాళ్ళు, భార్య పోతే మళ్ళీ చేసుకునేదీ మగవాళ్ళే కనక ఆ తేడా చాలావరకు నిజమైనదే. కానీ ఆ వితంతువుల్లో నిజానికి యాభై రెండేళ్ళవాళ్ళు ఎందరున్నారో ఆ సర్వే కూడా చెప్పలేదు.

అయిదారేళ్ళ తేడాకు ఇంత రాద్ధాంతమా అన్నారొకరు. ఉపాధి హామీ పనిలో గడ్డపార పట్టుకున్న మనిషిని పట్టికలో ఆధారపడి బతికేవాళ్ళ గడిలో వేస్తున్నాం. ఇంకో నష్టం ఉంది. వయసులు పైకి నెడితే ముసలితనంలో మరణాలు తక్కువగా కనిపిస్తాయి, ఆయుర్దాయం అబద్ధంగా పెరుగుతుంది. ఆడవాళ్ళు బాగా బతుకుతున్నారని సంతోషించడానికి కొంతమందికి ఆ అబద్ధమే ఆధారం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్.ఎఫ్.హెచ్.ఎస్.-5లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి 1045 మంది ఆడవాళ్ళని వచ్చినప్పుడు పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ సర్వే ఇళ్ళలో ఉన్నవారిని లెక్కించింది, హాస్టళ్ళూ బారకాసులూ అందులోకి రావు. అదే సర్వేలో అయిదేళ్ళలో పుట్టిన పిల్లల లెక్క వెయ్యికి 934. ఆ రెండో అంకె మొదటి పేజీకి ఎక్కలేదు.

ఆధార్ వచ్చింది కదా, ఇంకా ఈ గొడవెందుకు అంటారు. పుట్టినతేదీ కాగితం లేనివారికి ఆధార్‌లో ఏం జరిగిందో మీ ఇళ్ళలో అమ్మమ్మల కార్డులు చూడండి. జనవరి 1 అని ఉంటుంది. నోటితో చెప్పిన వయసునే వెనక్కి లెక్కగట్టి అచ్చువేశారు. ఊహకు ప్లాస్టిక్ తొడిగినంత మాత్రాన అది రుజువు కాదు.

కొంతకాలంగా నేను చేస్తున్న పని ఇక్కడే మొదలవుతుంది. వయసు తెలియని మనిషిని వయసు అడగకూడదు, సంఘటన అడగాలి. జనగణన సూచనల్లో ఈ సలహా పాతదే, కానీ జిల్లా జిల్లాకూ సరిపడే పట్టిక లేకపోతే అది సలహాగానే మిగులుతుంది. నేను తయారుచేస్తున్నది ఆ కాలసూచిక. అవనిగడ్డ, నాగాయలంక వైపు 1977 నవంబరు 19 ఉప్పెన ఒక్కటి చాలు: అప్పటికి పెళ్ళయిందా, చంకలో బిడ్డ ఉందా? గోదావరి లంకల్లో 1953, 1986 వరదలు. తెలంగాణ పల్లెల్లో 1948 పోలీసు చర్య, 1969 ఉద్యమం. కొందరికి ఇవేవీ గుర్తుండవు, లవకుశ సినిమాకు బండి కట్టుకుని వెళ్ళింది గుర్తుంటుంది. అది 1963. భర్త వయసు, పెద్దకొడుకు వయసు అడిగి వెనక్కి లెక్కగట్టడం మన తప్పుడు అలవాటు. ఆమె గుర్తులతోనే ఆమె వయసు కట్టాలి.

అన్నిటికన్నా మంచి సాధనం మన దగ్గరే ఉంది: తెలుగు సంవత్సరాల పేర్లు. మన్మథలో పుట్టానన్న మనిషి 1955-56లో తప్ప ఇంకెప్పుడూ పుట్టి ఉండదు, ఎందుకంటే మళ్ళీ మన్మథ వచ్చేసరికి 2015 అయింది. అరవై ఏళ్ళ చక్రం కనక పొరపాటుకు తావులేదు. వచ్చే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆనాటికి నడిచేది పరాభవ. 1966-67 కూడా పరాభవే. అంటే ఆ ఏడు పుట్టినవారు దాదాపు అందరూ సరిగ్గా అరవైలో ఉంటారు. ఎన్యూమరేటరు మొబైల్ యాప్‌లో 60 అని కొట్టేముందు, "పరాభవా అమ్మా, కాదా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఈ ఉపన్యాసానికి ఇచ్చే పారితోషికాన్ని ఆ సూచిక అచ్చుకే వాడమని నిర్వాహకులను కోరాను, ఒప్పుకున్నారు. కానీ సూచికలో గడులు ఇంకా ఖాళీగా ఉన్నాయి. 1940 నుంచి 1975 వరకు మీ ఊరి కరువులు, జాతర్లు, కాలవ తవ్వకాలు, కరెంటు వచ్చిన ఏడు, మొదటి బస్సు వచ్చిన ఏడు నాకు కావాలి. ఇళ్ళలో పాత పంచాంగాల అంచుల మీద పిల్లల పుట్టుకలు రాసిపెట్టి ఉంటే అవీ కావాలి. అన్నిటికన్నా వెలితిగా ఉన్నవి విజయనగరం, అనంతపురం పట్టికలు. ఆ జిల్లాలవారు సభ అయ్యాక వెళ్ళిపోకుండా ఆ మూల బల్ల దగ్గరికి రండి, కాగితాలు అక్కడ పెట్టించాను.