అడుగు రేటులో మన కూలీ ఎక్కడుంది?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, టైల్స్ పని చేసే కుటుంబాల సంఘాల తరపున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ల లెక్కలు ఇంతకుముందే చదివి వినిపించారు. మాకిచ్చిన సమయంలో మేము ఒక్క విషయమే మాట్లాడతాం. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఇప్పుడు అన్నం పెడుతున్నది టైల్స్ పని. మన మామల కాలంలో బేతంచెర్ల బండలు, కడప బండలు పరిచేవాళ్లు. ఆ ఇళ్లవాళ్లే ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే టైల్స్ వేస్తున్నారు. హైదరాబాదు, బెంగళూరు, విజయవాడ, ఎక్కడ షాపింగ్ కాంప్లెక్సు లేస్తే అక్కడికి పోతున్నారు. వాళ్ల వెంట మనమూ పోతున్నాం. మాలు కలిపేది, పెట్టెలు మోసేది, జాయింట్లు నింపేది, చివరికి తుడిచి అప్పగించేది మనమే.

ఇంటి పని వేరు, కమర్షియల్ పని వేరు. ఇల్లు కట్టుకునే ఆయన శనివారం సాయంత్రం కూలీ లెక్క చూసి ఇచ్చేస్తాడు. పెద్ద సైటులో అట్లా కాదు. బిల్డరు మెయిన్ కాంట్రాక్టరుకు ఇస్తాడు. ఆయన ఫ్లోరింగ్ కాంట్రాక్టరుకు, ఆయన గుంపు మేస్త్రీకి, ఆ మేస్త్రీ మన ఇంటాయనకు. చెయ్యి మారినప్పుడల్లా అడుగుకు ఇంత అని తగ్గుతుంది. బిల్లు డబ్బు కూడా అదే దారిన కిందికి రావాలి. నడుమ ఏ ఒక్కరు ఆపినా మన దగ్గర ఆగిపోతుంది. మనం వెంట తీసుకుపోయిన హెల్పరు మాత్రం శనివారం చెయ్యి చాపుతాడు, అతనికీ ఇల్లుంది. ఆ డబ్బు మనం ఎక్కడినుంచి తెస్తున్నాం? సంఘం అప్పులోనుంచి. బిల్డరు ఇయ్యాల్సిన కూలీకి మన పొదుపు పెట్టుబడి అవుతోంది. అందుకే ఈ మాట సమాఖ్యలో ఎత్తుతున్నాం.

ముందు లెక్క చూద్దాం. రేటు ఊరికొకటి, టైలు సైజుకొకటి ఉంటుంది కాబట్టి ఇవి లెక్క తెలియడానికి పెట్టుకున్న అంకెలే అనుకోండి. మీ అంకెలు మీరు వేసుకోవచ్చు.

చదరపు అడుగు 22 రూపాయలకు ఒప్పుకున్నాం అనుకుందాం. ఒక మేస్త్రీ, ఒక మగ హెల్పరు, మేస్త్రీ భార్య. స్తంభాలు, కటింగులు ఉన్న చోట ముగ్గురూ కలిసి రోజుకు 100 అడుగులు వేశారు. వచ్చేది 2,200. మేస్త్రీ కూలీ 1,100, హెల్పరుకు 700, మనకు 700. ఇక్కడికే 2,500 అయ్యింది. బ్లేడ్లు, స్పేసర్లు, మిషను అరుగుదల రోజుకు 100. గది బాడుగ, ఆటో ఖర్చు 150. అంతా కలిపితే 2,750, అంటే అడుగుకు 27 రూపాయల 50 పైసలు.

ఇంకా ఉంది. కమర్షియల్ సైటులో ఆరు రోజులూ పని నడవదు. ఒకరోజు టైల్స్ లారీ రాదు, ఇంకోరోజు పైపుల వాళ్లు పని ముగించరు, లిఫ్టు ఇయ్యరు. ఆరు రోజుల్లో ఒకటి ఖాళీ పోయిందనుకుంటే, వారం కూలీ 15,000, ఐదు రోజుల సామాను 500, ఆరు రోజుల గది, ఆటో ఖర్చు 900. మొత్తం 16,400. వేసింది 500 అడుగులు. అడుగుకు 32 రూపాయల 80 పైసలు పడింది. మనం ఒప్పుకున్నది 22.

5,000 అడుగుల పని అయితే తేడా 54,000 రూపాయలు. అది చేయడానికి పది వారాలు, అంటే 60 రోజులు పడుతుంది. రోజుకు 700 చొప్పున ఆ 60 రోజులకు మన కూలీ 42,000. ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కలో రాయరు కాబట్టి తేడాలో 42,000 అక్కడే మునిగిపోతుంది. మిగిలిన 12,000కు మళ్లీ సంఘం దగ్గరికి వస్తాం. "ఈసారి పనిలో పెద్దగా మిగల్లేదు" అని ఇంట్లో అనుకుంటాం. మనం రెండు నెలలు కూలీ లేకుండా పనిచేసినం అని మాత్రం ఎవరూ అనరు.

ఇక రేటు మాట్లాడేటప్పుడు ఏమేమి విడిగా అడగాలో మా సంఘాల మేస్త్రీలను కూర్చోబెట్టి రాసుకున్నాం.

స్కర్టింగును రన్నింగ్ అడుగు లెక్కన విడిగా మాట్లాడుకోవాలి. నాలుగు అంగుళాల స్కర్టింగు మూడు అడుగుల పొడవు వేస్తే ఒక చదరపు అడుగు అవుతుంది. దాన్ని నేల రేటులో కలిపేస్తే కోత, అంచు నున్న చేయడం, గోడ వంకర సరిచేయడం అంతా దాదాపు ఉచితమే. మెట్లు, బాత్రూం గోడలు, వాలు తీయాల్సిన నేల, ఎపాక్సీతో జాయింట్లు నింపడం, ఇవన్నీ వేరే వేరే రేట్లు. టైల్స్ పై అంతస్తుకు ఎవరు మోయాలి, వేసిన నేలమీద అట్టలు ఎవరు పరచాలి అన్నది కూడా ముందే తేలాలి. తేల్చకపోతే ఆ రెండు పనులూ మన నెత్తినే పడతాయి.

కంపెనీవాళ్లు మీటర్లలో మాట్లాడతారు. ఒక చదరపు మీటరు అంటే 10.76 చదరపు అడుగులు. "మీటరు 300" అంటే వినడానికి పెద్దగా ఉంటుంది. అడుగుకు చూస్తే 28 రూపాయలు కూడా నిండదు. ఫోనులో లెక్క కట్టనిదే తల ఊపొద్దు.

పాన్ కార్డు సంగతి కూడా చెప్పాలి. కంపెనీ నేరుగా మన మేస్త్రీ పేరున బిల్లు చేస్తే పన్ను కింద మామూలుగా వందకు 1 రూపాయి పట్టుకుంటుంది. పాన్ ఇవ్వకపోతే 20 పట్టుకుంటుంది. లక్షా యాభై వేల బిల్లులో 1,500కు, 30,000కు ఉన్న తేడా అది. కట్టాల్సిన పన్ను లేనివాళ్లు రిటర్ను వేస్తే పట్టుకున్నది తిరిగి వస్తుంది.

ఇప్పుడు కొలతలు. మా సంఘంలో నాలుగు ఇళ్లవాళ్లు పోయిన ఏడాది ఒక పెద్ద కాంప్లెక్సులో రెండు అంతస్తులు చేశారు. ఉగాదికి ఊరికి వచ్చినప్పుడు, వీళ్లు లేకుండానే అక్కడ కొలతలు తీసేశారు. కొన్ని గదుల్లో టైల్స్ బోలుగా మోగుతున్నాయని ఆ గదులు బిల్లులోనుంచి తీసేశారు. టైల్స్ వేసిన మరుసటి పొద్దుటికే వాటిమీద నిచ్చెనలు ఈడ్చింది సీలింగ్ పనివాళ్లు. ఆ సంగతి మనవాళ్లు నోటితో చెబితే ఎవరూ వినలేదు. వాళ్లలో ఒక చెల్లెలు, ఐదో తరగతి చదివిన పిల్ల, చిన్న నోటు పుస్తకం పెట్టుకుంది. ఏ తేదీన ఏ గది, పొడవెంత, వెడల్పెంత, ఏరోజు సామాను రాలేదు, ఎవరు తడినేల తొక్కారు, అన్నీ అందులో ఉన్నాయి. ఫోనులో ఫొటోలూ ఉన్నాయి. ఆ పుస్తకం ముందు పెట్టి మళ్లీ కొలిపించారు. ఆపిన డబ్బులో ఎక్కువ భాగం వచ్చింది. వందకు ఐదు చొప్పున ఆపింది మాత్రం ఇంకా రావాల్సే ఉంది. అది ఏ తేదీకి ఇస్తారో ఆర్డరు కాగితంలో రాసి లేదు.

ఆ చెల్లెలి కూలీ సంగతి అడిగితే, "ఆమె పేరు మస్టరులో లేదు కదా" అన్నారట. ఇదీ మనం పట్టించుకోవాల్సిన మాట. కాంట్రాక్టరు కూలీ ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది. ఒకే పనికి ఆడా మగా ఒకే కూలీ అని 1976లో చట్టం వచ్చింది. కొత్త లేబర్ కోడ్లలోనూ ఈ రెండూ ఉన్నాయి. అయితే పనిచేసినట్టు పేరు ఉంటేనే అడగడానికి దారి దొరుకుతుంది. లేబర్ కార్డూ అంతే. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసిన ఎవరైనా సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. బిల్డర్లు కట్టే వందకు ఒక రూపాయి సెస్సుతోనే ఆ బోర్డు ప్రమాదానికి, కాన్పుకు సాయం ఇస్తుంది. మన ఇళ్లలో మేస్త్రీకి కార్డు ఉంది. జాయింట్లు నింపి వేళ్ల చర్మం ఊడిన మనలో ఎందరికి ఉంది? చెయ్యి ఎత్తమంటే ఈ హాలులో ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు.

చివరగా ఒక కష్టమైన మాట. మన ఊరి గుంపు 33 అడిగితే పక్క ఊరి గుంపు 24కి ఒప్పుకుని వస్తోంది. ఆ పక్క ఊరివాళ్లూ మన సమాఖ్యవాళ్లే. పిల్లల ఫీజు దగ్గరపడితే ఎవరైనా తగ్గిస్తారు, వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఇద్దరం తగ్గించుకుంటూ పోతే మిగిలేది ఫ్లోరింగ్ కాంట్రాక్టరుకే. మగవాళ్లు సైటుల్లో పోటీ పడుతున్నా, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లం నెలనెలా ఒకే చాప మీద కూర్చుంటున్నాం. ఈ మాట తేల్చగలిగితే మనమే తేల్చాలి.

అందుకని నాలుగు తీర్మానాలు సభ ముందు పెడుతున్నాం.

1. టైల్స్ పని ఉన్న గ్రామైక్య సంఘాలు ఏడాదికి రెండుసార్లు కలిసి కూర్చుని, ఏ పనికి ఎంతకు తగ్గకూడదో రాసుకోవాలి.

2. సబ్ కాంట్రాక్టు పనికి సంఘం అప్పు అడిగినప్పుడు అడుగు లెక్క, ఆర్డరు కాగితం రెండూ చూడాలి. బిల్లు ఎన్ని రోజులకు, ఆపిన ఐదు శాతం ఏ తేదీకి ఇస్తారో అందులో ఉండాలి.

3. అడుగు లెక్కలో ఇంటి ఆడమనిషి కూలీ విడి వరుసలో రాయాలి. సైటు మస్టరులో ఆమె పేరు ఎక్కించమని అడగాలి. ఆ కూలీ ఆమె ఖాతాలోనే పడాలి.

4. వచ్చే మహాసభ లోపల, సైటుకు పోయే ప్రతి సభ్యురాలికీ లేబర్ కార్డు చేయించే బాధ్యత సమాఖ్య తీసుకోవాలి.

అక్కలారా, వీటిని చర్చించండి. సరిపోని చోట మార్చండి. మార్చినవి ఈరోజే మినిట్సు పుస్తకంలో రాయించండి. కొలతల నోటు పుస్తకం ఎట్లా రాయాలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ చెల్లెలే చూపిస్తుంది, పెన్ను తెచ్చుకోండి.