మరచిన మనిషికీ నొప్పి ఉంటుంది



ఈ ఉపన్యాసం ఎవరి పేర ఏర్పాటైందో ఆ మాస్టారు ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పారు. చివరి నాలుగేళ్లూ ఆయనకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. ఒకనాటి తెల్లవారుజామున బాత్రూం గడప దగ్గర జారి పడ్డారు. కుడి తుంటి విరిగింది. ఆయనకు ఆపరేషన్ చేసిన వైద్యుణ్ణి నేనే. అందుకని, విషయం మీరే ఎంచుకోండని నిర్వాహకులు అన్నప్పుడు నాకు ఇంకో ఆలోచన రాలేదు. డిమెన్షియా ఉన్న పెద్దలకు తుంటి విరిగితే ఏం జరుగుతోంది, ఏం జరగాలి అన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది.

ముందు ఎముక సంగతి. తుంటి విరిగిందని మనం అనేటప్పుడు సాధారణంగా విరిగేది తొడ ఎముక పైభాగం. అక్కడ ఎముక బంతిలా గుండ్రంగా ఉండి కటిలోని గుంటలో కూర్చుంటుంది. బంతి కింద సన్నటి మెడ. ఆ మెడ విరిగి పక్కకు తొలగితే బంతికి రక్తం అందించే నాళాలు దెబ్బతింటాయి, ఎముక అతుక్కోవడం కష్టమవుతుంది. అందుకని పెద్దవయసులో చాలావరకు ఆ బంతిని తీసేసి లోహపు బంతి అమరుస్తాం. మెడ కంటే కింద విరిగితే రక్తానికి లోటుండదు. అప్పుడు లోపల రాడ్డు వేసి బిగిస్తాం.

మన వైపు ఎముక విరిగిందనగానే చాలామందికి పుత్తూరు కట్టు గుర్తుకొస్తుంది. ముంజేతికి బయటి నుంచి కట్టే కట్టు పట్టునిస్తుంది. తుంటి దగ్గర ఎముక మందమైన కండరాల అడుగున ఉంటుంది. ఆకు కట్టయినా, సిమెంటు కట్టయినా దాన్ని కదలకుండా పట్టి ఉంచలేదు. కాలికి బరువు వేలాడదీసి వారాల తరబడి పడుకోబెడితే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. పెద్దవాళ్లను ఎక్కువగా తీసుకుపోయేవి ఇవే.

మనదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. వీళ్లు మిగతా పెద్దల కంటే ఎక్కువగా పడతారు, తుంటి విరిగాక తక్కువగా కోలుకుంటారు. న్యూయార్క్‌లో మారిసన్, స్యూ అనే వైద్యులు 2000లో ఒక పరిశీలన ప్రచురించారు. తుంటి విరిగి ఆసుపత్రిలో చేరినవారిలో, జ్ఞాపకశక్తి బాగున్నవాళ్లు ఆరు నెలల్లో 12 శాతం మంది మరణిస్తే, ముదిరిన డిమెన్షియా ఉన్నవాళ్లు 55 శాతం మంది మరణించారు.

ఈ తేడా అంతా మెదడు జబ్బు వల్లనేనా? కొంత జబ్బు వల్ల, కొంత మన వల్ల. అందులో మొదటిది నొప్పి. ఆ పరిశోధకులే ఇంకొకటి కూడా లెక్క కట్టారు. డిమెన్షియా ముదిరినవాళ్లకు అందిన మార్ఫిన్ జాతి నొప్పిమందు, మిగతావాళ్లకు అందినదానిలో మూడో వంతు మాత్రమే. విరిగింది అదే ఎముక, కోసింది అదే చోట. మందు మాత్రం మూడో వంతు. ఎందుకంటే వాళ్లు అడగలేదు.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెటూరి అవ్వకు ఆపరేషన్ చేశాను. ఎక్స్‌రే చూసి పెద్ద డాక్టరు మెచ్చుకున్నారు. అవ్వ మూలిగేది కాదు, పిలిచేది కాదు. రౌండ్లలో "నొప్పుందా అవ్వా?" అని అడిగేవాణ్ణి. ఆమె నా మొహం వైపు చూసి ఊరుకునేది. కేస్‌షీట్‌లో "నొప్పి లేదు" అని రాశాను. మూడోరోజున ఒక నర్సు నన్ను పిలిచి, దుప్పటి మార్చేటప్పుడు అవ్వ చేతిని చూడమంది. పక్కకు తిప్పగానే అవ్వ పిడికిలి తెల్లబడేలా మంచం పట్టీని బిగించింది. నొసలు ముడిపడింది, ఊపిరి గబగబా ఆడింది. అప్పటికే అన్నం మానేసింది, లేచి కూర్చోబెడదామంటే ఒళ్లంతా బిగబట్టేది. రెండో వారంలో నిమ్ము చేరి చనిపోయింది. నొప్పిమందు సరిగా ఇచ్చి ఉంటే బతికేదని చెప్పలేను. ఆ రెండు వారాలూ అంత బాధపడి ఉండేది కాదని మాత్రం చెప్పగలను.

ఆ నర్సు చూసినవే ఇవాళ పుస్తకాల్లో కొలమానాలయ్యాయి. ఊపిరి తీరు, మూలుగు, మొహం, ఒళ్లు బిగించడం, ఓదారిస్తే ఊరడిల్లుతున్నారా లేదా: ఈ అయిదింటికీ మార్కులు వేసి నొప్పిని అంచనా కడతారు. దీనికి యంత్రం అక్కర్లేదు. కదలకుండా ఉన్నప్పుడు కాక, కదిపినప్పుడు చూడాలి. అడిగితే ఇద్దామని ఆగకుండా వేళకు పారాసిటమాల్ ఇవ్వాలి. గజ్జ దగ్గర నరాలకు మత్తు సూది వేస్తే ఆపరేషన్‌కు ముందే చాలా ఉపశమనం కలుగుతుంది, మార్ఫిన్ అవసరం తగ్గుతుంది.

రెండో సంగతి, ఆపరేషన్ తర్వాతి రాత్రులు. పగలంతా మౌనంగా ఉన్న మనిషి చీకటి పడగానే మంచం దిగబోతారు, సెలైన్ పీకేస్తారు, ఎప్పుడో పోయినవాళ్లతో మాట్లాడతారు. దీన్ని వైద్యులు డెలీరియం అంటారు. మన పెద్దలకు ఈ స్థితి తెలుసు. జ్వరం ముదిరి అసందర్భంగా మాట్లాడుతుంటే "సంధి పుట్టింది" అనేవాళ్లు. సంధి వేరు, మతిమరుపు వేరు అన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. మతిమరుపు ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. సంధి గంటల్లో వస్తుంది, కారణం తీసేస్తే చాలామందిలో తగ్గుతుంది. "మతిమరుపు ముదిరింది, అంతే" అని సరిపెట్టుకుంటే ఆ కారణాన్ని వెతికేవాళ్లు ఉండరు. గోల చేయకుండా మగతగా పడి ఉండే సంధి కూడా ఉంది. అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎవరి కంటా పడదు. ప్రమాదం దానిలోనూ తక్కువేం కాదు.

కారణాలు చిన్నచిన్నవి. తగ్గని నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రం బిగబట్టడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, నిద్రకని ఇచ్చిన బిళ్ల, ఇంట్లోనే మరచిపోయిన కళ్లజోడు. బోస్టన్‌లో 2001లో మార్కంటోనియో బృందం 126 మంది తుంటి రోగుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. సగం మందిని వృద్ధుల వైద్యులు ముందునుంచే రోజూ చూసి, ఇలాంటి చిన్న విషయాలన్నీ సరిదిద్దుతూ వచ్చారు. మామూలు వైద్యంలో 50 శాతం మందికి వచ్చిన డెలీరియం వీళ్లలో 32 శాతానికి తగ్గింది. కొత్త మందేదీ వాడలేదు.

ఆలస్యం సంగతి కూడా చెప్పాలి. 17 దేశాల్లో 2,970 మందితో జరిపిన హిప్ అటాక్ అధ్యయనం 2020లో వెలువడింది. మనదేశమూ అందులో ఉంది. కొందరికి దాదాపు ఆరు గంటల్లో, కొందరికి దాదాపు ఒక రోజుకు ఆపరేషన్ చేశారు. మరణాల్లో తేడా రాలేదు. త్వరగా చేసినవాళ్లలో డెలీరియం తగ్గింది, వాళ్లు ముందుగా లేచి నిలబడ్డారు. మన దగ్గర సమస్య గంటల్లో కాదు, రోజుల్లో ఉంది. ఊళ్లో నాలుగు రోజులు, స్కానింగులకు రెండు రోజులు, డబ్బు కూడేసరికి ఇంకో రెండు రోజులు గడిచిపోతాయి. ఇళ్లవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇంకొకటి: నడుముకు మత్తు మంచిదా, పూర్తి మత్తు మంచిదా? అమెరికా, కెనడాల్లో 1,600 మంది మీద జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో 60 రోజుల తర్వాత నడకలో గానీ, ప్రాణాపాయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆ చర్చతో ఒక రోజు పోగొట్టుకోవద్దు.

మూడోది నడక. "ఆయనకు చెప్పినా గుర్తుండదు, ఫిజియోథెరపీ ఎందుకండీ?" అన్న మాట వార్డుల్లో ఎన్నిసార్లు విన్నానో. ఫిన్లండ్‌లో హూస్కో బృందం 2000లో దీనికి జవాబిచ్చింది. తుంటి ఆపరేషన్ అయిన పెద్దల్లో కొందరిని వృద్ధుల వార్డులో ఉంచి శ్రద్ధగా నడక నేర్పారు. ఓ మోస్తరు డిమెన్షియా ఉన్నవాళ్లలో, మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లు మూడు నెలల తర్వాత 17 శాతం మందే సొంతంగా బతకగలిగితే, నడక నేర్పినవాళ్లలో 63 శాతం మంది అలా బతకగలిగారు. ఆ శిక్షణతో ఎక్కువ మేలు పొందింది ఎవరి మీదైతే మనం ఆశ వదులుకుంటామో వాళ్లే.

మాస్టారి దగ్గర నేను దీన్ని కళ్లారా చూశాను. మర్నాడు ఫిజియోథెరపిస్టు వాకర్ తెచ్చి "లేవండి తాతగారూ" అన్నాడు. ఆయన కదలలేదు. వాకర్ ఆయనకు కొత్త వస్తువు, తాతగారు అన్న పిలుపు ఎవరిదో. అప్పుడు కోడలుగారు కళ్లజోడు తుడిచి పెట్టి, పాత తోలుచెప్పులు మంచం పక్కన పెట్టి, "మాస్టారూ, బడికి వేళయింది" అన్నారు. మాస్టారి పాదాలు చెప్పుల కోసం నేల మీద వెతుక్కున్నాయి. ముందు ఎడమది, కాసేపాగి కుడిది. ఇద్దరం చెరో పక్కా పట్టుకున్నాం. నాలుగు అడుగులు వేశారు. ఆయనకు నా పేరు తెలియదు, కోడలి పేరు తెలియదు. చెప్పులు తొడుక్కుని బయల్దేరడం పాదాలకు గుర్తుంది. పేర్లు దాచుకునే జ్ఞాపకం పోయినా, అలవాటును దాచుకునే జ్ఞాపకం చాలాకాలం నిలుస్తుంది. దాని తలుపు ఎక్కడుందో ఇంటివాళ్లకే తెలుసు. అందుకే ఆసుపత్రులకు నా విన్నపం: డిమెన్షియా ఉన్నవాళ్ల మంచం దగ్గర ఇంటిమనిషిని ఉండనివ్వండి. సందర్శకుల వేళ అయిపోయిందని పంపేయకండి.

అందరికీ ఆపరేషన్ చేసి తీరాలా? ఇది బరువైన ప్రశ్న. అమెరికా నర్సింగ్ హోముల్లో ముదిరిన డిమెన్షియాతో ఉండి తుంటి విరిగిన 3,083 మంది వివరాలు 2018లో వెలువడ్డాయి. ఆరు నెలల్లో ఆపరేషన్ అయినవాళ్లు 31.5 శాతం, కానివాళ్లు 53.8 శాతం మంది మరణించారు. మరీ బలహీనులను ఆపరేషన్ నుంచి తప్పించి ఉంటారు కాబట్టి ఈ తేడా అంతా కత్తి గొప్పతనం కాదు. నెదర్లాండ్స్‌లో 2022లో వచ్చిన అధ్యయనం ఇంకో వైపు చూపింది. వృద్ధుల సంరక్షణ సంస్థల్లో ఉంటున్న అతిబలహీనులైన 172 మంది విషయంలో కుటుంబంతో కూర్చుని మాట్లాడి నిర్ణయించారు. ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లలో 83 శాతం మంది నెల తిరక్కుండా వెళ్లిపోయారు. అయినా ఉన్నన్ని రోజులూ వాళ్ల జీవన నాణ్యత ఆపరేషన్ అయినవాళ్ల కంటే తక్కువ కాలేదు. నొప్పి తగ్గించే వైద్యం పూర్తిగా అందడమే దానికి ఆధారం.

కాబట్టి నా తీర్పు ఇది. పడడానికి ముందు రోజు వరకూ లేచి తిరిగిన మనిషికి డిమెన్షియా ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ నిరాకరించడం అన్యాయం. నెలలుగా మంచం దిగక, ముద్ద మింగలేక, చివరి దశలో ఉన్నవారికి ఆపరేషన్ వద్దని కుటుంబం అనుకుంటే అది నిర్దయ కాదు. అయితే ఆపరేషన్ వద్దనుకున్నామంటే వైద్యమే వద్దనుకున్నట్టు కాకూడదు. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు "ఎంత ఖర్చవుతుంది?" కంటే ముందు "మాట ఉన్న రోజుల్లో ఆయన ఏమనేవారు?" అని అడగండి.

మాస్టారు ఆ తర్వాత పదకొండు నెలలు ఉన్నారు. రోజూ పొద్దున్నే వరండా దాకా నడిచేవారు. తన మంచం మీద, తన ఇంట్లో కన్నుమూశారు.

ఇంటికి వెళ్లాక ఒక్క పని చేయండి. పెద్దవాళ్ల గది నుంచి బాత్రూం దాకా రాత్రిపూట దీపం ఉందో లేదో, గోడకు పట్టుకునే కడ్డీ ఉందో లేదో చూడండి. లేకపోతే ఈ వారంలోనే పెట్టించండి. వైద్య, నర్సింగ్ విద్యార్థులకు ఒక్క మాట: రేపు మీ వార్డులో మౌనంగా పడుకున్న పెద్దాయన ఉంటే "నొప్పుందా?" అని అడిగి వెళ్లిపోకండి. మెల్లగా పక్కకు తిప్పి, ఆయన చేతిని చూడండి.