చెయ్యి దెబ్బతిన్నా కొత్త పని నేర్చుకోవచ్చు



చదవడం నేర్చుకున్నారు. సంతకం చేయడం వచ్చింది. ఆ సంతకం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియడం కూడా చదువే. ఈ రోజు మాట పనిలో దెబ్బ తగిలిన వాళ్ల గురించి.

పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి చోట్ల కార్ఖానాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక కార్ఖానాలో ఒకామె ప్రెస్సు మిషను దగ్గర పని చేస్తోందనుకోండి. వయసు 35. రోజు కూలి 400 రూపాయలు. చేరి వారమే అయింది. ఒకనాడు చెయ్యి మిషన్లో పడింది. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి.

మేస్త్రీ ఏమంటాడు? "తప్పు నీదేనమ్మా. ఈ అయిదు వేలు తీసుకో. ఈ కాగితం మీద సంతకం పెట్టు" అంటాడు. ఇంట్లో వాళ్లేమంటారు? "నీ రాత ఇంతే. ఇంక ఇంటి పట్టున ఉండు" అంటారు. ఆ రెండు మాటలూ వినక్కర్లేదు. ఎందుకో చూడండి.

పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ రెండూ సామాజిక భద్రతా కోడ్ అనే చట్టంలో కలిశాయి. అది 2020లో తయారైంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది.

పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే కార్ఖానాకు ఈఎస్ఐ ఉండాలి. నెల జీతం 21,000 రూపాయల లోపు వాళ్లు అందులో చేరతారు. వంద రూపాయల జీతానికి కార్మికురాలు కట్టేది ముప్పావలా. యజమాని కట్టేది 3 రూపాయల 25 పైసలు.

"చేరి వారమే అయింది కదా, ఆమెకు ఏమొస్తుంది?" అని అడగవచ్చు. వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే మొదటి రోజు నుంచే హక్కు ఉంది. పొరపాటున చెయ్యి పెట్టినా హక్కు పోదు.

ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. పనికి పోలేని రోజులకు కూలిలో నూటికి 90 వంతులు ఇస్తారు. అంటే ఆమెకు రోజుకు 360 రూపాయలు. గాయం మానాక వైద్యుల బోర్డు చూస్తుంది. ఒక చేతి నాలుగు వేళ్లు పోతే నూటికి 50 వంతుల నష్టమని చట్టంలోని పట్టిక చెబుతుంది. ఆ లెక్కన రోజుకు 180 రూపాయల చొప్పున బతికినంత కాలం వస్తుంది. మరో పనిలో చేరినా అది ఆగదు.

ఇక్కడి దాకా కొందరికి తెలుసు. తరువాతి సంగతే చాలామందికి తెలియదు.

పాత పని చేయలేని వాళ్లు కొత్త పని నేర్చుకోవడానికి కూడా ఈఎస్ఐ డబ్బు ఇస్తుంది. నష్టం నూటికి 40 వంతులకు తగ్గకూడదు. వయసు 45 ఏళ్లు దాటకూడదు. శిక్షణ ఫీజు గానీ, రోజుకు 123 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది ఇస్తారు. శిక్షణ ఉన్నన్ని రోజులూ ఇస్తారు.

ఈ శిక్షణకు ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాదులో విద్యానగర్‌లో ఒకటి ఉంది. 1968లో మొదలైంది. అక్కడ పోయిన వేళ్లను కాదు, మిగిలిన శక్తిని చూస్తారు. ఏ పని చేయగలరో పరీక్షించి, దానికి తగ్గ పని నేర్పుతారు. ఉద్యోగం వెతకడంలోనూ సాయపడతారు.

"ఈ వయసులో ఎడమ చేత్తో ఏం నేర్చుకుంటాం?" అనకండి. ఇంత వయసు వచ్చాక పలక పట్టి అక్షరాలు దిద్దిన వాళ్లు మీరు. ఇదీ అలాంటిదే.

ఈఎస్ఐ లేని చిన్న షెడ్డులో దెబ్బ తగిలితే? పొలంలో ట్రాక్టరు కింద చెయ్యి నలిగితే? అప్పుడు పరిహారం యజమానే ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండేళ్ల లోపల కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. పని నేర్పే కేంద్రానికి వీళ్లు కూడా వెళ్లవచ్చు.

ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి. దెబ్బ తగిలిన రోజే పైవాళ్లకు చెప్పండి. ప్రమాదాల పుస్తకంలో రాయించండి. రాసింది మీరే చదివి చూడండి.

రెండు. ఈఎస్ఐ నంబరు ఇంట్లో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి.

మూడు. చదవకుండా సంతకం పెట్టకండి. "నాకు పరిహారం వద్దు" అని రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు. భయపడి ఊరుకోకండి.

నాలుగు. డబ్బు చేతికి రాగానే వెనక్కి తిరగకండి. "పని నేర్పే శిక్షణ నాకు వస్తుందా?" అని ఈఎస్ఐ ఆఫీసులో అడగండి. ఆ ప్రశ్న కాగితం మీద రాసి ఇవ్వండి. రాయడం ఇప్పుడు మీకు వచ్చు కదా!