పటము వ్రాయించువారు, పటము వ్రాయువారు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మంచి బొమ్మను చూచినప్పుడు దానిని వ్రాసినవాని పేరు అడుగుట లోకమునకు అలవాటు. వ్రాయించినవాని పేరు ఎవరును అడుగరు. కాని మన దేశమున చాలకాలము వరకు బొమ్మలు వ్రాయించువాడు ఉండుటచేతనే పుట్టినవి. తనకు తోచినది వ్రాసి గోడకు తగిలించి, కొనువాడు ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచు చిత్రకారుడు ఇటీవలివాడు. పూర్వము ఆలయమో, సంస్థానమో, వర్తకుడో, ఒక కులమో ముందు అడుగవలెను. పిమ్మట కుంచె కదలవలెను. ఆ అడుగుట ఎట్లుండెడిదో, నేడు ఎట్లయినదో చూపుటకు చేర్యాల పటముల కంటె తగిన ఉదాహరణము తెలుగుదేశమున అరుదు.

చేర్యాల హైదరాబాదునకు నూరు కిలోమీటరుల లోపున ఉన్న ఊరు. వరంగల్లు జిల్లాలో ఉండెడిది. 2016లో జిల్లాలను తిరిగి విభజించినప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరినది. అచ్చట పటములు వ్రాయువారిని నకాషీలందురు. పేరు పారసీకము మాటనుండి వచ్చినది గాని వారు వ్రాయు కథలు మాత్రము అచ్చముగా పల్లెల కథలు. నేడు ఈ పని చేయు కుటుంబములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే.

తెలంగాణములో పెక్కు కులములకు తమ పుట్టుపూర్వోత్తరములు చెప్పు పురాణము ఒక్కొక్కటి కలదు. దానిని చెప్పుట ఆ కులమును ఆశ్రయించిన వేఱొక కులమువారి వృత్తి. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు చెప్పుదురు. ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారును, మాదిగలకు జాంబపురాణమును డక్కలివారును, గౌడులకు గౌడపురాణమును గౌడజెట్టివారును, రజకులకు మడేలు పురాణమును గంజికూటివారును చెప్పుదురు. ఏ కుటుంబము ఏ గ్రామములకు పోవలెనో హక్కు ఉండెడిది. దానిని మిరాసి యందురు. కథ చెప్పుటకు పటము కావలెను. వెడల్పు సుమారు మూడడుగులు, పొడవు ముప్పది మొదలు అఱువది అడుగుల వరకు ఉండు గుడ్డపై కథ యంతయు పైనుండి క్రిందికి వరుసలు వరుసలుగా వ్రాసి యుండును. రాత్రి దీపముల వెలుగున గుంజలకు పటమును వ్రేలాడగట్టి, కథ సాగిన కొలది దానిని విప్పుచు, ఒకడు కఱ్ఱతో బొమ్మను చూపగా తక్కినవారు పాడుదురు.

ఈ పటమును వ్రాయించువాడు ఆ కథకుడే. అతనికి అది అలంకారము కాదు, పనిముట్టు. నాగలి లేని రైతు ఎట్టివాడో పటము లేని కూనపులివాడు అట్టివాడు. కావున అతడు నకాషీ యింటికి వచ్చినప్పుడు ఏమి కావలెనో తెలిసి వచ్చును. మొదట విఘ్నేశ్వరుడు, ఆ తరువాత ఏ దేవతలు, ఏ ఘట్టము వెనుక ఏ ఘట్టము, ఎచ్చట యుద్ధము, ఎచ్చట పెండ్లి, అంతయు అతని నోటనే యున్నది. రూపము చిత్రకారునికి తెలియును, వరుస కథకునికి తెలియును. ఒక ఘట్టము తప్పిపోయినచో రాత్రి సభలో తడబడువాడు కథకుడు. ఆ మఱునాడు మాట పడువాడు నకాషీ. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేకున్నను ఇరుపక్షములకును ఇంతకు మించిన పూచీ ఉండనక్కఱలేదు. మన కార్యాలయములలో మూడు ప్రతులలో సంతకములు తీసికొని కూడ ఇంత నిశ్చింతగా ఉండలేము.

ఇక పాత్రల సంగతి. ఇరువది గజముల దూరమున, కదలెడి దీపపు వెలుగులో, చంకన బిడ్డ నెత్తుకొన్న తల్లి సైతము ఎవరు ఎవరో గుర్తింపవలెను. ముక్కుమొగముల సూక్ష్మభేదములు అచ్చట పనికిరావు. అందుచేత పాత్రను ముఖమున కంటె గుర్తులలో పెట్టుట వారి పద్ధతి. పులి నెక్కి వచ్చువాడు భావనాఋషి. గద పట్టినవాడు భీముడు. దేవతల దేహములకు నీలము, పసుపు. రాక్షసులకు ముదురు గోధుమ వన్నె. మానవులకు గులాబి చాయ, మేని చాయ. కన్నులు పెద్దవి, చుట్టు గీత నల్లగా లావుగా ఉండును. వీనికన్నిటికిని వెనుక ఎఱ్ఱని నేల. ఆ యెఱుపుమీద ఏ రంగైనను ముందుకు దూకి కనబడును. వేషములు మాత్రము వైకుంఠమువి కావు. కట్టుబొట్టులన్నియు తెలంగాణపు పల్లెవే. వినువారు తమ పురాణమును తమ యింటి కథగా భావించుటకు ఈ చీరకట్టు చేసిన సహాయము పండితుల వ్యాఖ్యానము చేసి యుండదు.

ఈ పని యంతయు చేతితో చేసికొన్న సామగ్రిమీద జరుగవలెను. ముందు ఖద్దరు గుడ్డకు గంజి పట్టింతురు. సుద్దమట్టిని మెత్తగా చేసి, నానవేసి రుబ్బి ఉడికించిన చింతగింజల పాకమును, తిరుమాను బంక నీళ్ళను కలిపి గుడ్డపై పూయుదురు. ఆఱిన తరువాత మఱల పూత. అట్లు మూడు మాఱులు. ఈ పూతలోనే పనితనము చాల ఉన్నది. సుద్ద ఎక్కువైనచో పటమును చుట్టినప్పుడు పెళుసై పగులును. బంక తక్కువైనచో రంగు పొడియై రాలును. ఒక రాత్రికి ఒకసారి విప్పి చుట్టు వస్తువు కదా! దానిని గోడకు కొట్టు బొమ్మవలె చేసిన పనికిరాదు.

రంగులును అట్టివే. తెలుపు శంఖములను నూఱి తీసినది. నలుపు దీపపు మసి. పసుపు పేవుడి రాయి, ఎఱుపు ఇంగిలీకము, నీలము నీలిమందు. ఒక్కొక్క దానిని నూఱి, నీటిలో తేర్చి, బంకతో కలిపి వాడుదురు. కుంచె ఉడుత తోక వెంట్రుకలతో కట్టినది. చేయి తిరిగినవారు సీసపు కడ్డీతో నమూనా గీసికొనరు. కుంచెతోనే తిన్నగా రేఖ వేయుదురు. తరువాత నేలకు ఎఱుపు నింపుదురు, పిమ్మట దేహములకు రంగులు, తరువాత బట్టలు, నగలు, చివరకు నల్లని గీత. ఎఱుపు నింపిన తరువాత తప్పు దిద్దుకొనుట కష్టము. తప్పిన గీతను తుడిచివేయుటకు వీలు లేని సాధనమును పట్టినవాడు గీత గీయుటకు ముందే చాలసేపు ఆలోచించును. మన వ్రాతకు ఈ నియమము లేకపోవుటచేతనే దస్త్రములు ఇంత లావుగా ఉన్నవేమో!

వ్రాయించువాని అభిరుచి కళను ఎంత త్రిప్పగలదో చరిత్రలో మఱియొక చోట స్పష్టముగా కనబడును. 1643లో లండనులోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరతులోని తమ వారికి వ్రాయుచు, పంపుచున్న అద్దకపు బొంతలలో ఎఱ్ఱని నేల ఎక్కువగా ఉన్నదనియు, అది అచ్చట అంతగా నచ్చుట లేదనియు, ఇకమీదట తెల్లని నేల ఎక్కువగా ఉంచి పువ్వులు కొమ్మలు రంగులలో వేయింపవలసినదనియు కోరిరి. ఆంగ్లేయుల యిండ్లలో మన గుడ్డలపై కనబడు తెల్లని నేల ఇట్టి ఆజ్ఞలవలన పెరిగినదే. చేర్యాలవారి యెఱుపును అట్లు అడిగి మార్పించినవారు లేరు. అడుగువాడు ఆ యూరివాడే యగుట ఆ పటములకు రక్ష.

ఆ రక్ష ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున సడలినది. ఊళ్ళకు సినిమా వచ్చెను, తరువాత టెలివిజను వచ్చెను. రాత్రులు కూర్చుండి పురాణము వినువారు తగ్గిరి. మిరాసి ఊళ్ళలో ధాన్యము పెట్టువారు తగ్గిరి. కథకుల బిడ్డలు వేఱు పనులకు పోయిరి. కథకుడు రానిచో అఱువది అడుగుల పటమును అడుగువాడెవడు? నకాషీలు బ్రతుకుతెఱువుకై పటమును ముక్కలు చేసిరి. ఒక ఘట్టము ఒక చట్రమునకు సరిపడునట్లు వ్రాయసాగిరి. కొబ్బరిచిప్పలతోను, ఱంపపు పొట్టు చింతగింజల ముద్దతోను ముఖములు చేసి అమ్మసాగిరి. ప్రభుత్వపు హస్తకళా సంస్థల అంగళ్ళు, ప్రదర్శనలు, 1994లో తెఱచిన ఢిల్లీ హాట్ వంటి సంతలు వారికి కొత్త గిరాకిని చూపినవి. చేర్యాల పేరునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బజారులో సిద్ధముగా దొరకు రంగులు వచ్చి, రాయి నూఱు పని తగ్గినది. దీనిని నిందింపనక్కఱలేదు. రెండు మాసములు పట్టు పనిని రెండు దినముల ధరకు అడుగువాడు ఉన్నంతవరకు నూఱుటకు ఎవరికి తీఱిక?

ఇప్పుడు అడుగువారిలో మనవారు కొందఱున్నారు గనుక ఈ సంగతి యీ సభలో చెప్పుట తగును. ఒక కార్యాలయమున ఒక పెద్ద ఉద్యోగవిరమణ చేయనుండగా, శాఖలోని తెలుగువారు చందాలు వేసికొని, చేర్యాల పద్ధతిలో గీతోపదేశమును వ్రాయించి, క్రింద ఆయన పేరును తేదీని తెలుగున వ్రాయింపవలెనని తలచిరి. తలంపు మంచిది. కాని చెప్పినది మూడు వారముల ముందు, బయానా పంపలేదు. పనివాడు మాటమీద మొదలుపెట్టెను. పటము ముగియవచ్చు సమయమున శాఖలో అభిప్రాయభేదము వచ్చి, వెండి దీపపు సెమ్మె యిచ్చుటకు తీర్మానమైనది. అక్కఱలేదని ఒక్క మాట టెలిఫోనులో చెప్పిరి. చెప్పినవారు చెడ్డవారు కారు. దుకాణమున ఉన్న వస్తువును వద్దన్నట్లే అనుకొనిరి. ఆ పేరుగల పటమును లోకమున మఱియొకరు కొనరని వారికి తోచలేదు. పూర్వము పటము అడిగిన కూనపులివాడు అట్లు వద్దనలేడు. వద్దన్న ఆ సంవత్సరము అతనికే కూడు లేదు. ఇప్పుడు నష్టమంతయు ఒక్క వైపుననే చేరినది. తుదకు ఆ చిత్రకారుడు పేరున్న భాగముపై ఎఱుపు పూసి, దానిపై పూలతీగ వ్రాసి, మఱుసటి ఏడు సంతలో వచ్చిన ధరకు ఇచ్చివేసెను.

కావున అడుగుటలో కొన్ని మర్యాదలు కలవు. సగము సొమ్ము ముందే పంపుట మొదటిది. అది దయ కాదు. గుడ్డ, రంగు, దినములు ఆ క్షణమునుండియే వ్యయమగును. గడువును పనివానిని అడిగి తెలిసికొనవలెను. వానకాలమున పూతలు త్వరగా ఆఱవు. ఆషాఢమున అడిగి శ్రావణమున ఇమ్మనుట ఆకాశముతో జగడము. నూఱిన రంగులు కావలెనో, బజారు రంగులు చాలునో ముందే చెప్పవలెను. ధరలో తేడా యుండును, ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ కథలో ఏ ఘట్టము కావలెనో చెప్పవలెను. “మంచిది ఏదో ఒకటి” అన్నవానికి ఎద్దులబండి, నీళ్ళు మోయు స్త్రీ దొరకును. విరాటపర్వమున వంటలవాడైన భీముని కావలెనన్నచో నకాషీ కన్నులలో వెలుగు కనబడును. చాలకాలమునకు అతనిని ఎవరో అతని విద్య అడిగిరన్నమాట.

ఫోటో పంపి, దంపతుల బొమ్మను చేర్యాల పద్ధతిలో వ్రాయించువారును పెరిగిరి. అందును తప్పు లేదు. కాని బొమ్మ వచ్చిన తరువాత “ముక్కు కలియలేదు” అనుట అన్యాయము. ఆ కుంచె ముక్కును పట్టునది కాదు, గుర్తును పట్టునది. పులిని బట్టి ఋషిని తెలిసికొన్నట్లు, మనలో ఒకరిని బల్లను బట్టి, దస్త్రమును బట్టి, చేతి సంచిని బట్టి తెలిసికొనవలసి యుండును. వీణ వాయించు ఇల్లాలి బొమ్మ అడుగువాడు ఆమె వీణ సంగతి ముందు చెప్పినచో ఆ బొమ్మ ఆమెది యగును.

పటము ఇంటికి చేరిన తరువాత దానిని మడువరాదు. మడత పడినచోట పూత విఱుగును. రంగు వైపు వెలుపలికి ఉండునట్లు వదులుగా చుట్టి, నూలుగుడ్డలో ఉంచవలెను. గోడకు పెట్టువారు ఎండ నేరుగా తగులని చోట పెట్టవలెను. అద్దమునకును పటమునకును నడుమ కొంచెము ఎడమున్నచో ఢిల్లీ శ్రావణపు తేమ దానిని పట్టుకొనదు. తడిగుడ్డతో తుడుచుట మాత్రము ఎన్నడును కూడదు. ఆ రంగులు బంకనీళ్ళలో కలిపినవి, నీళ్ళతోనే పోవును.