ఆకలి వేరు, యావ వేరు
(వార్షికోత్సవ సందర్భమున జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమని కోరినప్పుడు కార్యవర్గం వారు ఒకే ఒక్క షరతు పెట్టారు: భోజనాల వేళకు ముగించాలని. అందువల్ల వంటశాల నుండి పులిహోర పోపు వాసన వస్తుండగా అన్నం గురించి హెచ్చరించవలసిన కష్టం నాకు ప్రాప్తించింది. ఆ వాసనకు మీలో ఎందరికి నోరూరిందో గాని, నాకు మాత్రం ఊరింది. నేటి విషయం అదే. పిండిపదార్థాల మీద మనకు కలిగే యావ ఎక్కడ పుడుతుంది, దానిని ఏ విధంగా అదుపులో ఉంచుకోవాలి?

మొదట నా సంగతి చెప్పుకోవడం న్యాయం. వృత్తిరీత్యా వైద్యుణ్ణి. పగలంతా "అన్నం తగ్గించండి" అని రోగులకు చెప్పి, రాత్రి ఇంటికి వెళ్ళి ఆవకాయతో రెండు మార్లు అన్నం వడ్డించుకుని, పడుకోబోయే ముందు మళ్ళీ కారప్పూస డబ్బా వెదికేవాణ్ణి. నలభై రెండవ ఏట నా రక్తపరీక్షలో ఏ1సి 6.2 అని తేలింది. 5.7 నుండి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ, 6.5, ఆపైన మధుమేహం. నేను స్థూలకాయుణ్ణి కాను. మనవారి చిక్కు అక్కడే ఉంది. దక్షిణాసియా వారిలో బరువు తక్కువగా ఉన్నప్పుడే ఉదరావయవాల చుట్టూ కొవ్వు చేరుతుంది. అందుచేతనే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా సంతతి వారికి పరీక్ష చేయవలసిన బీఎంఐ హద్దును 25 నుండి 23కు దించింది. అమ్మకో నాన్నకో మధుమేహం ఉంటే, సన్నగా ఉన్నామన్న ధీమాతో పరీక్షను వాయిదా వేయకండి.

ఇక యావ పుట్టుక. అన్నం, ఉప్మా, బ్రెడ్డు, నూడుల్సు, ఇవన్నీ రూపాలు వేరైనా జీర్ణమయ్యాక ముఖ్యంగా గ్లూకోజుగా మారేవే. ఒక కప్పు వండిన తెల్లన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పన్నెండు ఔన్సుల కోలా డబ్బాలో సుమారు 39 గ్రాముల చక్కెర ఉంటుంది. పీచు, మాంసకృత్తులు తోడు లేనప్పుడు గ్లూకోజు రక్తంలోకి వేగంగా చేరుతుంది. క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను విడుదల చేసి దానిని దించుతుంది. కొందరిలో ఆ దిగుడు కూడా వేగంగానే ఉంటుంది. రెండు మూడు గంటలకే మళ్ళీ ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. తిన్న క్షణాన కలిగిన హాయిని మెదడు గుర్తుంచుకుంటుంది. పరీక్షల ముందు రాత్రి, కార్యాలయంలో చీవాట్లు తిన్న సాయంత్రం, ఒంటరిగా ఉన్న ఆదివారం అదే హాయిని మళ్ళీ అడుగుతుంది.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2004లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. ఆకలిని పెంచే గ్రెలిన్ పెరిగింది, తృప్తినిచ్చే లెప్టిన్ తగ్గింది. వారి మనసు ముఖ్యంగా మిఠాయిలు, ఉప్పు తినుబండారాలు, పిండివంటల వంటి వాటి మీదికే పోయింది. రాత్రి రెండు గంటలకు చిప్స్ సంచీ తెరిచే విద్యార్థి తన మనోబలాన్ని నిందించుకునే ముందు తన నిద్రను లెక్కపెట్టుకోవాలి.

ఆకలికి, యావకు భేదం కనుక్కోవడానికి మన పెద్దలు ఇచ్చిన మాట ఒకటుంది: ఆకలి రుచి ఎరుగదు. నిజంగా ఆకలి వేసినవాడికి నిన్నటి పప్పుచారైనా, గుప్పెడు శనగలైనా సమ్మతమే. శనగలు వద్దు, కాజాలే కావాలి అని మనసు మొరాయించిందంటే అది యావ. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకోండి. అయితే ఒక జాగ్రత్త. ఇన్సులిన్ గాని, చక్కెరను దించే కొన్ని మాత్రలు గాని వాడేవారికి చెమటలు పట్టి, చేతులు వణికి, ఆకలి వేస్తే అది యావ కాదు; రక్తంలో చక్కెర పడిపోయిన సూచన. అప్పుడు వెంటనే చక్కెర తీసుకోవలసిందే. అటువంటివారు వైద్యుని అడగకుండా ఉపవాసాలు చేయరాదు.

ఉపవాసమంటే గుర్తుకు వచ్చింది. ఏకాదశినాడు మన ఇళ్ళలో అన్నం మానేస్తారు. మానేసి ఉప్మా, సగ్గుబియ్యం, బంగాళదుంప వేపుడు ఆరగిస్తారు! పిండి పేరు మారింది గాని పిండి పోలేదు. భగవద్గీత రెండవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు ఈ చిక్కునే చెప్పాడు: ఆహారం మానినవాని నుండి విషయాలు తొలగుతాయి గాని వాటి మీది రుచి తొలగదు. ఆరవ అధ్యాయంలో దారి కూడా చూపాడు. అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదనీ, తిండిలోనూ నిద్రలోనూ మితమే మార్గమనీ అన్నాడు. కనుక అన్నాన్ని శత్రువుగా చూడకండి. కఠినంగా నిషేధించుకున్నది రెట్టింపు బలంతో తిరిగివస్తుంది.

నేను చేసినవి నాలుగే పనులు. భోజనంలో కూర, పప్పు ముందు తిని, అన్నం చివరకు ఉంచాను. 2015లో ఒక చిన్న అధ్యయనంలో మధుమేహులు ఇదే క్రమంలో తిన్నప్పుడు భోజనానంతరం చక్కెర తక్కువగా పెరిగింది. ఉదయం ఉప్మాకు బదులు పెసరట్టు వేసుకున్నాను. రాత్రి భోజనం కాగానే పదిహేను నిమిషాలు నడిచాను. పనిచేసే కండరాలు గ్లూకోజును తామే తీసుకుంటాయి. కారప్పూస డబ్బాను ఇంట్లో లేకుండా చేశాను. ఏడాదికి ఏ1సి 5.6కు వచ్చింది. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ పరిశోధనలో ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. ముందు దశ నుండి వెనుకకు దారి ఉంది.

అన్నిటికన్నా కష్టమైనది ఐదవ పని. మా అమ్మ కంచం దగ్గర నిలబడి "ఇంకొంచెం వేసుకో నాన్నా" అంటే వద్దనడం. అన్నం వద్దంటే తనను వద్దన్నట్లు ఆమె ముఖం చిన్నబోయేది. ఒకనాడు నా పరీక్ష కాగితం ఆమెకు చూపించి, "అమ్మా, నాకు ఒక్క గరిటె అన్నం చాలు, గోంగూర పప్పు మాత్రం రెండు గరిటెలు వెయ్యి" అన్నాను. ఆమె చేయి ఆగలేదు, గరిటె మాత్రం మారింది. తమ చిన్నతనాన రాయలసీమలో మా తాతగారింట రోజూ రాగిసంగటే ఉండేదనీ, వరి అన్నం పండుగ భోజనమనీ ఆమే నాకు చెప్పింది. మూడు పూటలా తెల్లన్నం తింటేనే తెలుగుతనమన్నది మనం ఈమధ్య కల్పించుకున్న మాట. యువకులారా, పెద్దల వడ్డనను విసుక్కోకండి. ఏమి వడ్డించాలో ప్రేమగా అడగండి. పెద్దలారా, పిల్లలు తక్కువ అన్నం పెట్టుకుంటే నొచ్చుకోకండి.

చివరగా మన దేవాలయానికి ఒక విన్నపం. అన్నదానం వరుసలో గుగ్గిళ్ళు, కూరలు ముందు ఉంచి, పులిహోర, చక్రపొంగలి చివర చిన్న దొన్నెలలో పెడదాం. ప్రసాదానికి పవిత్రత పరిమాణం వల్ల వచ్చేది కాదు. కళ్ళకద్దుకుని తీసుకున్న పిడికెడైనా ప్రసాదమే.

భోజనాల గంట మోగేలా ఉంది. నేనూ వరుసలో నిలబడతాను, పులిహోర కూడా తింటాను, ఒక్క దొన్నెడు.